అందుకునేవాళ్ళు

మా ఆవిడ పోయాక ఆమెను బతికున్న మనిషిలా పలకరించింది ఆ వీడియోల కంపెనీ ఒక్కటే. "డియర్ వసంతలక్ష్మీ" అని మొదలుపెట్టి, ఆమె పెట్టిన వీడియోలో వేరేవాళ్ళ సంగీతం ఉన్నట్టు తేలిందనీ, అందుకని దాన్ని ఇకమీదట ఏ దేశంలోనూ కనిపించకుండా ఆపేశామనీ రాశారు. నేను వంటింట్లో నిలబడి చదివాను. బయట, అమెరికాలో మా ఊరు నోవై అంతా మంచు కింద ఉంది. నిజం చెప్పాలంటే మొదట కోపం రాలేదు. ఆమె పేరు అలా ఉత్తరం మొదట్లో కనిపిస్తే కాసేపు బాగానే ఉంది.

తరవాత విషయం అర్థమైంది. మా అమ్మాయి నిధికీ ధృవ్‌కీ పెళ్ళి మాఘమాసంలో పెట్టుకున్నాం. పెళ్ళికి అది నన్ను అడిగింది ఒక్కటే. అప్పగింతలప్పుడు అమ్మ పాట వినిపించాలి.

ఆ పాట గురించి చెప్పాలి. వసంత వాళ్ళ అమ్మమ్మ పాడేదట. వాళ్ళ అమ్మ పాడేదట. పెళ్ళికూతురు వెళ్ళిపోతుంటే ఇంట్లో వస్తువులన్నీ ఆ పిల్ల ఏదీ అని తల్లిని అడుగుతాయి. "గడప అడిగితే ఏమని చెప్పనే చిట్టెమ్మా" అని ఒకరు మొదలుపెడితే, "గాజుల సడి ఏదంటే ఏమని చెప్పనే" అని మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. గడప అయ్యాక పెరటి జాజి, జాజి అయ్యాక పాలగిన్నె. చివరి చరణం మాత్రం ఆ ఇంటిది, ఆ పిల్లది. పాడే మనిషి అప్పటికప్పుడు కట్టాలి. వసంత ఈ ఊరికి వచ్చాక ఎవరింట్లో పెళ్ళయినా ఆవిడే మొదలుపెట్టేది. ఒక పిల్లకు గరాజు తలుపు, ఒక పిల్లకు వయొలిన్ పెట్టె. ఉషా వాళ్ళ అమ్మాయి రష్మికి మంచు పార. రష్మి చిన్నప్పటినుంచీ వాళ్ళ నాన్నకు నడుం నొప్పని తనే వాకిట్లో మంచు తీసేది. "మంచు పార అడిగితే" అని వసంత అనేసరికి హాల్లో అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ రష్మి వాళ్ళ నాన్న ముఖం తిప్పుకున్నాడు.

నిధి దాన్ని ఫోన్‌లో తీసింది. వసంత పేరు మీద ఆ సైట్లో పెట్టింది. ఇప్పుడు మాకు మిగిలింది అదే. ఫోన్ మార్చినప్పుడు పాతది షాపులో ఇచ్చేశాం. రష్మి పెళ్ళి వీడియో ఉంది కానీ, అది తీసినవాళ్ళు అప్పగింతల మీద ఏదో సినిమా పాట వేసి ఇచ్చారు. అందులో వసంత నోరు కదులుతుంది. పాడేది ఇంకెవరో.

మరి ఆ కంపెనీ చెప్పిన వేరేవాళ్ళు ఎవరంటే, హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ. కిందటేడు ఒక పెద్ద హీరో సినిమాలో ఈ పాట వచ్చింది. వరస ఇదే, మాటలూ సగం ఇవే. అయితే అందులో తల్లి లేదు. వర్షంలో హీరో, వెనక వంద మంది, డప్పులు. "గడప అడిగితే ఏమని చెప్పనే చిట్టెమ్మా, గడప దాటి వచ్చెయ్యవే చిట్టెమ్మా" అంటూ నడుం తిప్పుతాడు. ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తా ఎత్తుకుంటుంటే అదే పాట. కూరగాయల దగ్గరా అదే. పిల్లల పుట్టినరోజు పార్టీల్లో డైపర్లు కట్టుకున్నవాళ్ళు కూడా దానికి ఎగురుతున్నారు. ఒకసారి పళ్ళ డాక్టర్ దగ్గర నోరు తెరుచుకుని పడుకుంటే, అసిస్టెంటు తెలుగమ్మాయి, అదే కూనిరాగం తీస్తూ సూదులు సర్దుతోంది. నోట్లో గొట్టం ఉంది కాబట్టి నేనేం అనలేకపోయాను. అయినా ఆ అమ్మాయి చెయ్యి చాలా తేలిక.

అప్పీలు చేసుకోవచ్చని ఈమెయిల్‌లో ఉంది. నేను ముప్ఫై ఏళ్ళు కార్ల సీట్ల కింద ఉండే పట్టాలు డిజైన్ చేశాను. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. అందుకని నిధికి చెప్పకుండా నేనే కూర్చున్నాను. పెళ్ళి పనుల్లో ఉంది, దానికెందుకు ఈ గొడవ అనుకున్నాను.

ఈ సంగీతం మీ సొంతమా అని అడిగారు. కాదు అని నొక్కాను. వివరించండి అన్నారు. వివరించాను. "ఈ పాట మాది కాదు. నా భార్యదీ కాదు. అది తరతరాలుగా అందరిదీ. ఆమె దాన్ని పాడిందంతే. ఆ సినిమావారు కూడా పాడుకున్నందుకు మాకు ఏ అభ్యంతరమూ లేదు." రెండుసార్లు చదువుకున్నాను. మర్యాదగా ఉంది, నిజం కూడాను. తృప్తిగా పంపించాను.

మర్నాటికి జవాబు వచ్చింది. డియర్ వసంతలక్ష్మీ, ఈ సంగీతం మీది కాదని మీరే అంగీకరించినందున మీ అప్పీలు తిరస్కరించడమైనది. మీ సహనానికి ధన్యవాదాలు.

ఆ సాయంత్రం ఉషా ములక్కాడల పులుసు పట్టుకొచ్చింది. వాళ్ళది వరంగల్. వసంత పోయినప్పటినుంచీ తనకు వీలున్నప్పుడల్లా ఏదో ఒకటి డబ్బాలో పెట్టి తెస్తుంది, ఖాళీ డబ్బా మాత్రం ఎప్పుడూ అడగదు. జరిగింది చెప్పాను.

"ఏం రాసిన్రన్నయ్యా? మళ్ళ చదువున్రి."

చదివాను.

"అయ్యో రామా. పాట నాది కాదు అని మీరే రాసిచ్చిన్రా?"

"మరి నాది కాదుగా ఉషా."

"నీది కాకపోతే మాదే అన్నట్టు వాళ్ళ లెక్క. అందరిది అనే గడి ఆ కంప్యూటర్ల ఉండదు. మీరు దొంగతనం కేసుల కూడా ఇట్లనే చెప్తరేమో, ఇల్లు నాది కాదు సార్, భూమాతది అని."

నవ్వొచ్చింది. నవ్వడానికి ఒక మనిషి ఇంట్లో ఉండటం కూడా మంచిదే.

"మీరంతా పాడకూడదా?" అని అడిగాను. "నువ్వు, పద్మజ, వాళ్ళందరూ. ప్రతి పెళ్ళిలోనూ పాడారుగా."

ఉషా కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మేం అందుకునేటోళ్ళం అన్నయ్యా. ఆమె ముందు అంటేనే మాకు వెనకది వస్తది. నిన్న ఇంట్ల ఒక్కదాన్నే అనుకున్న, పాడి చూద్దామని. మొదలు సినిమా పాటనే వస్తంది నోట్లకు. అసలుది ఎక్కడ ఎత్తుకోవాలో తెలుస్తలేదు." పులుసు డబ్బా బల్ల మీద నావైపు జరిపి అంది. "చెవులు కూడా వాళ్ళే కొనుక్కున్నట్టున్నరు."

ఆ వారమంతా నేను ఆ కంపెనీలో ఒక మనిషి కోసం వెతికాను. మనిషి ఎత్తే ఫోన్ నంబర్ లేదు. ఉన్న ఒక నంబర్‌లో రికార్డు చేసిన గొంతు, మా వెబ్‌సైట్ చూడండి అని చెప్పి పెట్టేసింది. వెబ్‌సైట్‌లో మూలన ఒక చిన్న బుడగ. నొక్కితే, "హాయ్, నేను మాయ! వసంతలక్ష్మీ, ఈరోజు మీకు ఎలా సాయపడగలను?" అని ఇంగ్లీషులో వచ్చింది.

నేను ఆమె భర్తను, ఆమె చనిపోయింది అని రాశాను.

"వినడానికి విచారంగా ఉంది. అకౌంటు భద్రత కోసం, వసంతలక్ష్మి స్వయంగా మమ్మల్ని సంప్రదిస్తే సంతోషంగా సాయపడతాం. ఇంకేమైనా చెయ్యగలనా?"

అలాంటి వీలుంటే ముందు మమ్మల్నే సంప్రదించేది తల్లీ అనుకున్నాను. మనిషితో మాట్లాడాలి అని రాస్తే, నేను నేర్చుకుంటూనే ఉన్నాను అంది మాయ. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే. ఆఫీసులో ఉన్నప్పుడు మేం సీటు పట్టాలకు ఒక పరీక్ష పెట్టేవాళ్ళం. ముందుకీ వెనక్కీ తోస్తూనే ఉంటుంది మిషను, సీటు ఎక్కడికీ వెళ్ళదు. ఆ సీట్లో మనిషి బొమ్మ ఒకటి బెల్టు పెట్టుకుని కూర్చుని ఉండేది. దాని స్థితి ఇప్పుడు తెలిసింది.

చివరికి నిధికి చెప్పాల్సి వచ్చింది. అది ఫోన్ లాక్కుని అంతా చదివింది.

"నాన్నా, దిస్ ఈజ్ ఇన్సేన్. అది అమ్మ వాయిస్. దే కాంట్ ఓన్ అమ్మ వాయిస్."

"గొంతు కాదే, పాట వాళ్ళదంటున్నారు."

"పాట ఓల్డ్ కదా! ధృవ్ వాళ్ళ కజిన్ లాయర్. అడుగుతా."

అడిగింది. ఆ లాయరు మంచివాడే. మీరు గెలుస్తారు అన్నాడు. ఎప్పుడు అంటే, పెళ్ళికి ముందు మాత్రం కాదు అన్నాడు.

నిధి ఏడవలేదు. పెళ్ళికి వేసుకునే గాజులు పెట్టె మూతమీద ఒక్కొక్కటీ పేర్చుతూ, "ఇట్స్ ఓకే నాన్నా. మ్యూజిక్ ఏదో ఒకటి పెట్టుకుందాం," అంది. అది ఇట్స్ ఓకే అన్నప్పుడల్లా నాకు భయం. వాళ్ళమ్మ హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ అదే మాట అంది. అనేసి బేస్‌మెంట్‌కి దిగే మెట్ల మీద, కింది నుంచి రెండో మెట్టు దగ్గర, లైటు వెయ్యకుండా మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. నేను పైనుంచి చూసి, పిలవకుండా తలుపు కొంచెం తెరిచి వదిలేసేవాణ్ణి. కాస్త వెలుతురు పడుతుందని.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం దాని స్నేహితులంతా బేస్‌మెంట్‌లో చేరి సంగీత్ డాన్సులు ప్రాక్టీస్ చేస్తున్నారు. నేను సమోసాల ట్రే పట్టుకుని దిగేసరికి ఆ పాటే మోగుతోంది. పదిమంది వరసగా నిలబడి నడుం తిప్పుతున్నారు. మధ్యలో మా అమ్మాయి. నన్ను చూసి ఆగిపోయింది.

"సారీ నాన్నా. వీళ్ళు పిక్ చేశారు. ఇట్స్... క్యాచీ."

"కానియ్యమ్మా. బాగానే ఉంది," అన్నాను. అబద్ధం కాదు. పిల్లలు బాగా చేస్తున్నారు. వసంత వాళ్ళ అమ్మమ్మ ఏడుపు మీద వీళ్ళ కాళ్ళు అంత చక్కగా పడుతున్నాయి.

ట్రే ఇచ్చి ఆ మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. డియర్ వసంతలక్ష్మీ. హక్కుదారులు మీకు ఒక అవకాశం ఇస్తున్నారు. మీ అభ్యంతరం వదులుకుని, ఈ పాట వారిదేనని ఒప్పుకుంటే, వీడియో మళ్ళీ కనిపించడానికి అనుమతిస్తారు. దానిమీద ప్రకటనలు వస్తాయి. ఆ ఆదాయం వారిది. కింద రెండు బొత్తాలు. ఒప్పుకుంటున్నాను ఒకటి. వెనక్కి ఒకటి.

డప్పులు మోగుతున్నాయి. వసంత వాళ్ళ అమ్మమ్మను నేను చూడలేదు. ఆవిడ ఎవరికి పాడిందో, ఆవిడకు ఎవరు పాడారో, వాళ్ళందరి తరఫునా ఎవరో ఒకరు సంతకం పెట్టాలట. ఆ పని నాకు పడింది. ఆ ఇంటి అల్లుడికి, పాటలో ఒక్క ముక్క కూడా రాగం మీద పాడలేనివాడికి. వెనక్కి నొక్కితే పాట అందరిదీ, ఎవరికీ వినపడదు. ఒప్పుకుంటే వినపడుతుంది, వాళ్ళది.

నిధి నడుం తిప్పుతూ నన్నే చూస్తోంది. నవ్వుతోంది. ఇట్స్ ఓకే అన్న నవ్వు.

ఒప్పుకుంటున్నాను అని నొక్కాను.

వీడియో ఆ రోజు రాలేదు. పరిశీలనలో ఉంది అన్నారు. పొద్దున మంగళస్నానాలప్పుడు చూశాను, లేదు. జీలకర్రబెల్లం పెడుతున్నప్పుడు పట్టుబట్టల మడతలో ఫోన్ వణికినట్టయింది. పంతులుగారు కన్నెర్ర చేశారు. తలంబ్రాలయ్యాక పక్కకు వెళ్ళి చూశాను. వచ్చింది. వసంత ఆకుపచ్చ చీరలో, ఒక చేత్తో కొంగు సవరించుకుంటూ, కదలకుండా నా అరచేతిలో ఉంది. డౌన్‌లోడ్ బొత్తం మాత్రం బూడిదరంగులో ఉంది. నొక్కితే పని చెయ్యలేదు.

డీజే హర్షిత్ దగ్గరికి పరుగెత్తాను. ఇక్కడే పుట్టిన కుర్రాడు. లింకు పంపాను.

"ఐ గాట్ యూ అంకుల్. ఐ విల్ ప్లే ఫ్రమ్ ద సైట్," అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు నావైపు చూసి, "అంకుల్, మీకు ప్రీమియం ఉందా? అంటే, యాడ్స్ వస్తాయ్ లేకపోతే," అన్నాడు.

నాకు లేదు. అతనికి ఉన్నది వేరే కంపెనీది.

అప్పగింతలు మొదలయ్యాయి. నిధి చేతులు పాలపళ్ళెంలో తడిపి ధృవ్ వాళ్ళ అమ్మగారి చేతుల్లో పెట్టాను. హర్షిత్‌కి తల ఊపాను. హాలంతా నిశ్శబ్దం అయింది. స్పీకర్లలోంచి ఒకాయన గట్టిగా, వెన్నునొప్పితో బాధపడుతున్నారా అని ఇంగ్లీషులో అడిగాడు.

పరుపుల ప్రకటన. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "నాకుంది బాబూ," అన్నాడు రష్మి వాళ్ళ నాన్న. అంతే, అందరూ నవ్వేశారు. నేను తలెత్తలేకపోయాను. ఒక తడిచెయ్యి విడిపించుకుని నిధి నా మణికట్టు పట్టుకుంది.

ఆ తరవాత హాలు తెరమీద వసంత వచ్చింది.

"గడప అడిగితే ఏమని చెప్పనే చిట్టెమ్మా..."

ఆ గొంతు ఈ గదిలో, ఈ మనుషుల మధ్య విని చాలాకాలమైంది. అది కొంచెం బొంగురు. పై స్థాయిలో ఎప్పుడూ కాస్త తప్పుతుంది. ఆ తప్పు అలాగే ఉంది. నిధి చెయ్యి బిగిసింది. వీడియోలో ఆడవాళ్ళు అందుకున్నారు, హాల్లో కూడా ఒకరిద్దరు సన్నగా అందుకున్నారు. జాజి అయింది. పాలగిన్నె అయింది. చివరి చరణం ముందు వసంత ఊపిరి తీసుకుంది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ అతనే. పరుపు.

"ఓ నో, నో, నో," అంటూ హర్షిత్ శబ్దం తగ్గించేశాడు. తెరమీద ఒక ఆమె మంచం మీద హాయిగా ఒళ్ళు విరుచుకుంటోంది. శబ్దం లేదు. హాల్లోనూ లేదు. అందరూ ఊపిరి తీసుకున్న చోట నిలబడిపోయారు. ఆ ఊపిరి అలా ఉంచుకోలేం కదా. ఉషా ఒక్కడుగు ముందుకు వేసి నావైపు తిరిగింది.

"అన్నయ్యా, జల్ది. నిధికి ఏం పెట్టాలె?"

"ఏంటి?"

"ఇంట్ల ఏది అడుగుతది దీన్ని? చెప్పున్రి, జల్ది!"

ఆడవాళ్ళందరూ నావైపు చూస్తున్నారు. నిధి కూడా. పియానో అమ్మేశాం. సైకిల్ ఎవరికో ఇచ్చేశాం.

"బేస్‌మెంట్ మెట్టు," అన్నాను.

"మెట్టా?" అంది పద్మజ.

నిధి నవ్వింది. నవ్వి, "నాన్నా! యూ న్యూ? నీకు తెలుసా?" అంది. ఆ తరవాత దాని ముఖం దాని అధీనంలో లేదు.

ఉషా గొంతెత్తింది. ఎప్పుడూ వెనకనుంచి అందుకునే మనిషి, ముందుకొచ్చి ఎత్తుకుంది. "మెట్టు అడిగితే ఏమని చెప్పనే చిట్టెమ్మా..." అందరూ అందుకున్నారు. "మోకాళ్ళ ముడిచిన పిల్లేదంటే ఏమని చెప్పనే." ఎవరు కట్టారో తెలీదు, ఒకరి నోట్లోది ఒకరు లాక్కున్నట్టు మాట వచ్చేసింది. వాళ్ళు అది రెండోసారి పాడుతుండగా ప్రకటన అయిపోయింది. హర్షిత్ కంగారుగా శబ్దం పెంచాడు. వీళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. వసంత వెనకనుంచి వచ్చింది.

"...ఏమని చెప్పనే చిట్టెమ్మా."

ఆమె పాడింది మంచు పారే, రష్మిది. కానీ ఆ పై స్థాయిలో వాళ్ళ మెట్టూ ఈమె పారా కలిసిపోయాయి. జీవితంలో మొదటిసారి వసంత అందుకుంది. తేడా నాకు తెలిసింది, ఉషాకు తెలిసింది. మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ధృవ్ వాళ్ళ అమ్మగారు నిధి రెండో తడిచెయ్యి వదలకుండా పట్టుకునే నిలబడ్డారు. ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

పెళ్ళయిన వారానికి రష్మి తన ఫోన్‌లో తీసిన అప్పగింతల వీడియో ఇండియాలో వాళ్ళ కోసం అదే సైట్లో పెట్టింది. రెండోరోజు నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, నాకూ వచ్చింది ఈమెయిల్. ఆంటీ పాడిన బిట్ సరే. బట్ మన వాళ్ళు పాడింది కూడా క్లెయిమ్ చేశారు. ఆ మెట్టు లైన్ కూడా."

"అది మీ అమ్మావాళ్ళు కట్టింది కదమ్మా, అక్కడికక్కడ."

"ఐ నో. అప్పీల్ చేశా. ఈ వర్క్ వాళ్ళదని మీ ఫ్యామిలీ ఆల్రెడీ అగ్రీ చేసింది అంటున్నారు. మీరు ఏదైనా సైన్ చేశారా అంకుల్?"

చేశాను అన్నాను. పర్లేదు అంకుల్ అంది రష్మి. పర్లేదు కాదని ఇద్దరికీ తెలుసు. రేపు ఏ ఊళ్ళో ఏ తల్లి తన పిల్ల కోసం కొత్త చరణం కట్టినా, అది పుట్టకముందే వాళ్ళది. నా వేలితో ఇచ్చాను. వెనక్కి తీసుకునే బొత్తం ఎక్కడుందో మాయను అడిగాను. నేను నేర్చుకుంటూనే ఉన్నాను అంది.

వీడియో ఉంచాలంటే ఒకటే దారి ఇచ్చారు, పాట ఉన్నంతమేరా శబ్దం తీసెయ్యడం. రష్మి అలాగే చేసింది. ఇప్పుడది నా ఫోన్‌లో ఉంది. మధ్యాహ్నం పూట మంచు తీసి వచ్చాక, బూట్లు విప్పి, బేస్‌మెంట్ మెట్టు మీద కూర్చుని పెట్టుకుంటాను. ఆడవాళ్ళ నోళ్ళు కదులుతుంటాయి, ఏమీ వినపడదు. ఆకుపచ్చ చీరలో వసంత తెరమీద పాడుతుంటుంది, ఏమీ వినపడదు. తరవాత పరుపు మీద ఆవిడ ఒళ్ళు విరుచుకుంటుంది. అక్కడ పాట లేదు కాబట్టి మిషను ఆ కాస్త ముక్కలో శబ్దం వదిలేసింది.

"అన్నయ్యా, జల్ది. నిధికి ఏం పెట్టాలె?"

"ఏంటి?"

"ఇంట్ల ఏది అడుగుతది దీన్ని?"

"బేస్‌మెంట్ మెట్టు."

మా అమ్మాయి నవ్వుతుంది. మళ్ళీ నిశ్శబ్దం. నేను వెనక్కి జరిపి మళ్ళీ పెట్టుకుంటాను.